ఇంటి ప్రొజెక్టరుకు వీడియో కేబుళ్లు, అడాప్టర్ల ఎంపిక

ల్యాప్‌టాప్, సెట్‌టాప్ బాక్సు, డిస్కు ప్లేయరు, గేమింగ్ కన్సోలు, సెల్‌ఫోను వంటి వాటి నుంచి బొమ్మను ప్రొజెక్టరుకు చేర్చే తీగ వీడియో కేబుల్. రెండు వైపులా పోర్టులు వేరువేరుగా ఉన్నప్పుడు మధ్యలో పెట్టేది అడాప్టర్. టీవీ కొన్నవాళ్లు వీటి గురించి ఆలోచించరు, ఆలోచించనక్కర్లేదు కూడా. సెట్‌టాప్ బాక్సు టీవీ కిందే ఉంటుంది. డబ్బాలో వచ్చిన మీటరున్నర కేబుల్ తగిలిస్తే పని అయిపోతుంది. ప్రొజెక్టరుకు ఆ వెసులుబాటు లేదు. తెర ఒక గోడకు ఉంటుంది, ప్రొజెక్టరు దానికి దూరంగా సీలింగుకు వేలాడుతుంది, ప్లేయరూ స్పీకర్లూ మళ్లీ తెర దగ్గరే ఉంటాయి. 100 అంగుళాల తెర వెడల్పు సుమారు ఏడుంపావు అడుగులు. త్రో నిష్పత్తి (ప్రొజెక్టరు దూరం తెర వెడల్పుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టరును దానికి దాదాపు 11 అడుగుల దూరంలో బిగించాలి. వెలుతురు ఆ 11 అడుగులూ గాలిలో తిన్నగా పోతుంది. తీగ అలా పోలేదు. ప్లేయరు దగ్గర గోడెక్కి, సీలింగు అంచున పక్కగోడకు చేరి, దాని వెంట నడిచి, తిరిగి గది మధ్యకు రావాలి. 12 అడుగుల వెడల్పున్న మామూలు గదిలోనే ఈ దారి 30 అడుగులు దాటుతుంది. కాబట్టి ఎంపిక కొలతతో మొదలవాలి. తీగ ఎన్ని అడుగులు నడవాలి, సెకనుకు ఎంత సమాచారం మోయాలి, ఎటు నుంచి ఎటు మోయాలి అన్నవి తేలితే ధర, కంపెనీ, బంగారు పూత గురించిన ప్రశ్నలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. దుకాణాల్లో సంభాషణ సాధారణంగా ధరతో మొదలై పొడవుతో ముగుస్తుంది. వృథా ఖర్చుకూ, బిగించాక బొమ్మ రాకపోవడానికీ మూలం ఆ తిరగబడిన క్రమంలోనే ఉంది.

ఖరీదైన కేబుల్ పెడితే బొమ్మ బాగుంటుందన్న నమ్మకం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు అది అక్షరాలా నిజం. ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో 1987లో తెచ్చిన వీజీఏ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మూడు వేర్వేరు తీగల మీద వోల్టేజీ రూపంలో ప్రయాణిస్తాయి. సున్నా అంటే నలుపు, 0.7 వోల్టులంటే పూర్తి వెలుగు. ఈ పద్ధతిలో తీగ చేసే ప్రతి చిన్న తప్పూ తెర మీద కనిపిస్తుంది. పొడవు పెరిగితే అంచులు మసకబారతాయి. తీగ నిరోధం పోర్టు నిరోధంతో సరిపడకపోతే సంకేతంలో కొంత వెనక్కి తగిలి అక్షరాల పక్కన నీడలు పడతాయి. ప్రొజెక్టరు, కంప్యూటరు వేర్వేరు ఎర్తింగుల మీద ఉంటే తెర మీద అడ్డచారలు పైకీ కిందికీ పాకుతాయి. పసుపు రంగు పిన్నుతో వచ్చే ఏవీ కేబుల్ మరీ బీదది. వెలుగునూ రంగునూ ఒకే తీగలో కుక్కి పంపుతుంది, మన పాల్ ప్రసార పద్ధతిలో 576 గీతలను మించి చూపలేదు. ఆ కాలంలో మందపాటి వీజీఏ కేబుల్‌కు ఎక్కువ డబ్బు పెట్టినవారు మోసపోలేదు. పెట్టిన డబ్బు తెర మీద కనిపించింది. ఇంటెల్, ఏఎండీ సంస్థలు కొందరు కంప్యూటర్ తయారీదారులతో కలిసి వీజీఏను 2015 నాటికి వదిలేస్తామని 2010లో ప్రకటించాయి. పోర్టు క్రమంగా కనుమరుగవుతోంది గాని దానితో ఏర్పడిన నమ్మకం ఇంకా నిలిచే ఉంది.

1999లో వచ్చిన డీవీఐ, దాని పునాది మీద సోనీ, ఫిలిప్స్, తోషిబా తదితర 7 కంపెనీలు కలిసి 2002 డిసెంబరులో ప్రకటించిన హెచ్‌డీఎంఐ ఈ లెక్కను మార్చేశాయి. వీటిలో తీగ మీద నడిచేది వెలుగుకు ప్రతిరూపమైన వోల్టేజీ కాదు, ఒకట్లూ సున్నాలూ. ప్రతి సంకేతం జంట తీగల మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా నడుస్తుంది. బయటి నుంచి వచ్చే అలజడి రెండింటినీ ఒకేలా తాకుతుంది గనుక అవతలి చివర తీసివేతలో అది కొట్టుకుపోతుంది. ఒకటి ఒకటిగా, సున్నా సున్నాగా గుర్తుపట్టగలిగినంత వరకు అరిగిపోయిన సంకేతమూ నిగనిగలాడే సంకేతమూ తెర మీద ఒకే బొమ్మను ఇస్తాయి. గుర్తుపట్టలేని స్థితి వస్తే మాత్రం బొమ్మ కొద్దిగా మసకబారి ఊరుకోదు. అక్కడక్కడ తెల్లటి చుక్కలు మెరుస్తాయి, తర్వాత తెర క్షణకాలం ఆరి వెలుగుతుంది, ఆ తర్వాత అసలు బొమ్మే రాదు. హెచ్‌డీఎంఐ 2.0 వరకు వాడిన పద్ధతిలో బొమ్మ సమాచారంలో తప్పు దొర్లితే సరిదిద్దే ఏర్పాటు లేదు కాబట్టి ఆ చుక్కలు నేరుగా కంటికి కనిపిస్తాయి. ఖరీదైన కేబుల్ మార్చాక నలుపు చిక్కబడిందనీ రంగులు తేటపడ్డాయనీ చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని అనలేం. అయితే బిట్లు తప్పడం వల్ల చుక్కలు వస్తాయి తప్ప నలుపు తెల్లబడదు. నలుపు స్థాయి మారిందంటే, కేబుల్ ఊడదీసి తగిలించినప్పుడు రెండు పరికరాలూ మళ్లీ పలకరించుకుని 16–235 శ్రేణి నుంచి 0–255 శ్రేణికో, అటు నుంచి ఇటో మారి ఉండవచ్చు. ప్రొజెక్టరు మెనూలో ఆ శ్రేణిని చేత్తో మార్చి చూస్తే పాత కేబుల్‌తోనూ అదే తేడా వస్తుంది. బంగారు పూతకు ఒక ప్రయోజనం ఉన్నమాట నిజమే: బంగారం తుప్పు పట్టదు. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో అది పనికొచ్చే గుణమే. బొమ్మ నాణ్యతకు మాత్రం దానితో సంబంధం లేదు.

అలాగైతే ఏ చవక కేబులైనా ఒకటేనా? కాదు. డిజిటల్ పద్ధతి కేబుల్ నాణ్యతను రద్దు చేయలేదు, దాన్ని ఒక హద్దుగా మార్చింది. ఆ హద్దు ఎక్కడుందో చెప్పేది సమాచారపు వేగం. సెకనుకు 60 చట్రాల (ఫ్రేముల) 1080పి బొమ్మకు, ఖాళీ గీతలతో, తీగ మీద పంపేందుకు చేర్చే అదనపు బిట్లతో సహా లెక్కిస్తే, 4.455 గిగాబిట్లు కావాలి. 4కె బొమ్మకు సెకనుకు 24 చట్రాలైతే 8.91, 60 చట్రాలైతే 17.82 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ కేబుళ్లకు అధికారికంగా ఉన్న పేర్లు ఈ అంకెల చుట్టూనే ఏర్పడ్డాయి: హైస్పీడ్ అంటే 10.2 గిగాబిట్లు, ప్రీమియం హైస్పీడ్ అంటే 18, అల్ట్రా హైస్పీడ్ అంటే 48. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే 1.4, 2.0, 2.1 అన్న అంకెలు పోర్టులకు, పరికరాలకు సంబంధించినవి. కేబుల్‌ను వాటితో పిలవకూడదని హెచ్‌డీఎంఐ నిర్వాహక సంస్థ నిబంధనే ఉంది. 2.1 అని అచ్చువేసి, వేగం పేరు గాని ధ్రువీకరణ ముద్ర గాని లేని కేబుల్ కొనుగోలుదారుకు ఏ హామీ ఇవ్వడం లేదు. ప్రీమియం, అల్ట్రా రకాల పెట్టెల మీద ఫోనుతో స్కాన్ చేసి సరిచూసుకునే ముద్ర ఉంటుంది. దుకాణంలో అదనంగా డబ్బు పెట్టదగినది దానికే.

ఈ వేగాల్లో మన ఇంటికి ఏది కావాలన్నది ప్రొజెక్టరును బట్టి తేలుతుంది. ప్రకటనల్లో 4కె సపోర్ట్ అన్న మాట చాలా చవక ప్రొజెక్టర్ల మీద కనిపిస్తుంది. దానర్థం 4కె సంకేతాన్ని లోపలికి రానిస్తుందని మాత్రమే. లోపలి ప్యానెల్ 1280×720 బిందువులదో 1920×1080 బిందువులదో అయితే వచ్చిన బొమ్మను కుదించి చూపుతుంది. అలాంటి ప్రొజెక్టరుకు 4కె కేబుల్ పరుపు కింద పరుపులాంటిది. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఇళ్లలో వాడే డీఎల్‌పీ (చిన్న అద్దాలున్న చిప్పుతో బొమ్మ వేసే) రకం 4కె ప్రొజెక్టర్లలో చాలావాటి చిప్పు మీద అద్దాలు 1920×1080 మాత్రమే ఉన్నా, ప్రతి చట్రంలో బొమ్మను నాలుగుసార్లు కొద్దికొద్దిగా జరిపి 4కె బిందువులన్నీ తెర మీద పడేలా చేస్తాయి. వాటికి పూర్తి 4కె సంకేతం అవసరం. అందువల్ల ప్యానెల్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. లోపలికి తీసుకున్నదాన్ని తెర మీద పెట్టగలుగుతుందా అని చూడాలి. సినిమాలు చాలావరకు సెకనుకు 24 చట్రాలవే. అంటే 4కె సినిమాకు 18 గిగాబిట్ల దారి అక్కర్లేదు. స్ట్రీమింగ్ బాక్సు మాత్రం చాలా సందర్భాల్లో మెనూతో పాటు సినిమాను కూడా 60 చట్రాలకు సాగదీసి పంపుతుంటుంది. సెట్టింగుల్లో సినిమా చట్రాల వేగాన్నే అనుసరించేలా మార్చితే, చుక్కలు చూపిస్తున్న కేబుల్ అదే సినిమాను శుభ్రంగా మోస్తుంది. కొత్త కేబుల్ కొనే ముందు ఒకసారి ఈ మార్పు చేసి చూడటం న్యాయం.

ఇక దూరం. రాగి తీగలో సంకేతం బలహీనపడటం పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది. ఎక్కువ పౌనఃపున్యపు కరెంటు తీగ పైపొరకే పరిమితమవుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్కూ కొంత మింగేస్తుంది. అందుకే ఒకే కేబుల్ 1080పి బొమ్మను ఇబ్బంది లేకుండా మోసి, 4కె 60 దగ్గర చేతులెత్తేస్తుంది. ఆచరణలో మామూలు రాగి కేబుల్ 18 గిగాబిట్లను 5 మీటర్ల వరకు నమ్మకంగా మోస్తుందనీ, 48 గిగాబిట్లకు 3 మీటర్లు దాటితే కష్టమనీ అనుకోవచ్చు. 1080పి వరకే అయితే మందపాటి తీగలున్న కేబుల్ 10 మీటర్లు, మంచిదైతే 15 మీటర్లు కూడా వెళ్తుంది. ఇక్కడ మందం అంటే పైతొడుగు మందం కాదు, లోపలి రాగి మందం. అమెరికన్ గేజి లెక్కలో అంకె తగ్గేకొద్దీ తీగ లావెక్కుతుంది: 30 గేజి తీగ వ్యాసం పావు మిల్లీమీటరు, 24 గేజిది అర మిల్లీమీటరు. పైన చెప్పిన 30 అడుగులంటే 9 మీటర్ల పైమాట. కాబట్టి 1080పి ప్రొజెక్టరున్న ఇంట్లో 24 గేజి రాగి కేబుల్‌తో గట్టెక్కవచ్చు. 4కె ప్రొజెక్టరున్న ఇంట్లో సాధారణ రాగి మీద ఆధారపడటం జూదమే. ఆ దూరానికి ఇప్పుడు సరైన సమాధానం ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్. దీని ప్లగ్గులోనే చిన్న లేజర్లు ఉంటాయి. అవి బొమ్మ సంకేతాలను కాంతిగా మార్చి గాజుపోగుల్లో పంపుతాయి, అవతలి ప్లగ్గు తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. 20, 30 మీటర్లు దానికి లెక్కలోనివి కావు. అయితే దానికి ఒకే దిక్కు ఉంటుంది. సోర్సు అని రాసిన కొన ప్లేయరుకు, డిస్‌ప్లే అని రాసిన కొన ప్రొజెక్టరుకు తగిలించాలి. గోడలో తిరగేసి లాగితే మళ్లీ మొత్తం బయటికి తీయాల్సిందే. గాజుపోగు గనుక మూలల దగ్గర మడతపెట్టి లాగకూడదు, తెగితే ఇంటి దగ్గర అతికించలేం.

ఇంకా పొడవైన దారికి, లేదా ఇల్లు కట్టేటప్పుడే క్యాట్6 తీగ వేసి ఉంటే, హెచ్‌డీబేస్‌టీ పెట్టెల జత మరో మార్గం. 2010లో ఎల్జీ, శామ్‌సంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ సంస్థలు కూటమి కట్టి ముందుకు తెచ్చిన ఈ పద్ధతి నెట్‌వర్కు తీగ మీద 100 మీటర్ల వరకు బొమ్మను పంపుతుంది. తీగ నెట్‌వర్కుదే అయినా నడిచేది నెట్‌వర్కు సంకేతం కాదు; మధ్యలో స్విచ్చు పెడితే పని చేయదు. తొలి తరం పెట్టెలు 10.2 గిగాబిట్లకే పరిమితం కాబట్టి 4కె 60 కావాలనుకునేవారు పెట్టె మీద ఆ వేగం స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోవాలి. క్యాట్6 పేరుతో అమ్మే తీగల్లో అల్యూమినియానికి రాగి పూత పూసినవీ ఉంటాయి. వాటిని ఈ పనికి వాడకూడదు. ఇన్ని తిప్పలెందుకు, వైర్‌లెస్ ఉండగా అన్నది సహజమైన ప్రశ్న. 2012లో వచ్చిన మిరాకాస్ట్ మొదలు ఇలాంటి పద్ధతులన్నీ వైఫై మీద పట్టేలా బొమ్మను బాగా కుదించి పంపుతాయి. ఫొటోలకూ పాఠాలకూ అది చాలు. వీడియో గేములకు ఆలస్యం తెలుస్తుంది. పక్కింటి వైఫైలన్నీ ఒకే గాలిలో తిరిగే అపార్ట్‌మెంట్లలో సరిగ్గా ఆఖరి ఓవరులో బొమ్మ ఆగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ తగదు. అద్దె ఇంట్లో గోడ తొలిచే వీలు లేనివారికి అదే దిక్కు.

దూరాన్ని జయించే అన్ని ఉపాయాల కంటే దూరాన్ని తగ్గించడం మేలు. ఓటీటీ సినిమాలే ప్రధానమైన ఇంట్లో స్ట్రీమింగ్ స్టిక్‌ను నేరుగా ప్రొజెక్టరు వెనక పోర్టులోనే పెట్టవచ్చు. అప్పుడు బొమ్మకు కేబులే అక్కర్లేదు, స్పీకర్లకు ధ్వని పంపితే చాలు. ఈ రెండింటి బరువుల్లో ఎంత తేడా ఉందో చూడండి: 4కె 60 బొమ్మకు 17.82 గిగాబిట్లు కావాలి, ఆప్టికల్ ఆడియో తీగ మీద నడిచే 48 కిలోహెర్ట్జ్ స్టీరియో ధ్వనికి సుమారు 3 మెగాబిట్లు సరిపోతాయి. అంటే 5,000 రెట్ల పైచిలుకు తేడా. సులువైనదాన్ని దూరం పంపి, కష్టమైనదాన్ని దగ్గర ఉంచుకోవడం ఏ లెక్కన చూసినా తెలివైన పని. దీనికి ప్రొజెక్టరుకు ఆడియో అవుట్ గాని, 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన, ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే వెనక్కి పంపే ఏఆర్‌సీ సదుపాయం గాని ఉండాలి. అన్ని ప్రొజెక్టర్లకూ అవి ఉండవు. స్టిక్‌కు కరెంటు ప్రొజెక్టరు యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకుంటే చాలక మధ్యలో ఆగి మళ్లీ మొదలవడం మామూలు. దాని సొంత ఛార్జరుకు సీలింగు దగ్గరే ప్లగ్ పాయింటు పెట్టించుకోవాలి. డిస్కు ప్లేయరు, గేమింగ్ కన్సోలు, సినిమా హాలు తరహాలో గది చుట్టూ స్పీకర్లు ఉన్నవారికి ఈ ఉపాయం పనికిరాదు. వాళ్లు పొడవాటి కేబుల్‌నే సరిగ్గా వేసుకోవాలి.

సరిగ్గా వేసుకోవడమంటే సగం పని పైపుదే. హెచ్‌డీఎంఐ ప్లగ్గు లోహపు కొన వెడల్పు దాదాపు 14 మిల్లీమీటర్లు. చుట్టూ ప్లాస్టిక్ తొడుగుతో కలిపితే 20 దాకా వస్తుంది. ఎలక్ట్రీషియన్లు అలవాటుగా గోడలో వేసే ముప్పావు ఇంచి పైపులో అది దూరదు. ఇంచి పైపులో తిన్నగా పోయినా బెండు దగ్గర ఇరుక్కుంటుంది. రేపటి అవసరానికి ఈరోజే 48 గిగాబిట్ల కేబుల్ వేసేయమని సలహా ఇస్తుంటారు. కాని ప్రమాణాలు మారుతూనే ఉంటాయి. 96 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ 2.2ను 2025లో ప్రకటించారు. ఇల్లు నిలిచినన్నాళ్లు నిలిచే కేబుల్ లేదు. నిలిచేది పైపు. శ్లాబు వేసేటప్పుడో ఫాల్స్ సీలింగు చేయించేటప్పుడో ఒకటిన్నర ఇంచి పైపు, మూలల దగ్గర గుండ్రంగా తిరిగే పెద్ద బెండ్లు వేసి, లోపల ఒక లాగుడు తీగ వదిలిపెడితే, పదేళ్ల తర్వాత ఏ కేబుల్ వచ్చినా గోడ పగలగొట్టకుండా మార్చుకోవచ్చు. కరెంటు వైర్లకు వేరే పైపు ఉండాలి. ప్లేయరుకూ ప్రొజెక్టరుకూ ఒకే సర్క్యూటు నుంచి, సరైన ఎర్తింగుతో కరెంటు ఇవ్వడం రెండింటి పోర్టులకూ రక్ష.

అడాప్టర్ల దగ్గర దిక్కు గురించిన పొరపాట్లు ఎక్కువ. కొన్ని అడాప్టర్లు ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తాయి. డీవీఐ, హెచ్‌డీఎంఐల లోపలి సంకేతం ఒకటే గనుక వాటి మధ్య అడాప్టరు ఎటైనా పని చేస్తుంది. పాత డీవీఐ వైపు ధ్వని మాత్రం రాదు. మిగిలినవి సంకేతాన్నే మారుస్తాయి, అదీ ఒకవైపే. 2006లో వెసా సంస్థ తెచ్చిన డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కంప్యూటరు నుంచి హెచ్‌డీఎంఐ ప్రొజెక్టరుకు చవక అడాప్టరు చాలు, ఎందుకంటే ఆ పోర్టుల్లో చాలావరకు హెచ్‌డీఎంఐ సంకేతాన్ని కూడా పంపగలవు. తిరగేసి వాడితే బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే చిన్న పెట్టె, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పెట్టె చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. పైన ఉన్న అక్షరాల్లో ఏది ముందుందో చదవకుండా కొంటే పని జరగదు. పాత వీజీఏ ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ ప్రొజెక్టరుకు కలిపేటప్పుడు అడాప్టరును ల్యాప్‌టాప్ దగ్గరే పెట్టాలి. పొడవాటి దారిలో నడిచేది డిజిటల్ సంకేతమవుతుంది, వీజీఏ మసక అడుగు దూరానికే పరిమితమవుతుంది. సీలింగుకు వేలాడే ప్రొజెక్టరు పోర్టుకు బరువైన అడాప్టరు తగిలించడం మరో కారణంగానూ మంచిది కాదు: ఆ బరువుకు పోర్టు నెమ్మదిగా వదులవుతుంది.

ఫోన్లకు, కొత్త ల్యాప్‌టాప్‌లకు ఉన్న టైప్-సీ పోర్టు ఈ అయోమయాన్ని పెంచింది. 2014లో వచ్చిన ఈ 24 పిన్నుల పోర్టు ఎక్కడ చూసినా ఒకే ఆకారంలో ఉంటుంది, పనులు మాత్రం వేరు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉన్న పరికరమైతేనే అందులోంచి బొమ్మ బయటికొస్తుంది. 2017 నాటి గెలాక్సీ ఎస్8 మొదలు శామ్‌సంగ్ ఖరీదైన ఎస్ వరుస ఫోన్లలో, 2023 నాటి ఐఫోన్ 15లో అది ఉంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి టైప్-సీ పోర్టు ఉన్నా లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. వాటికి ఎంత ఖరీదైన అడాప్టరు తగిలించినా తెర నల్లగానే ఉంటుంది. అడాప్టరు చెడ్డదని దుకాణదారుతో గొడవపడే ముందు ఫోను వివరాల్లో ఈ మోడ్ పేరు వెతకాలి. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్ల కోసం చేసిన ఎంహెచ్ఎల్ అడాప్టర్లకూ ఇప్పటి ఫోన్లకూ పొత్తు లేదు. పని చేసే అడాప్టర్లలోనూ 4కె 30 దగ్గరే ఆగిపోయేవి ఉంటాయి. సినిమాకు ఆ తేడా తెలియదు, మౌసు కదిపితే తెలుస్తుంది.

అన్నీ సరిపోయినా బొమ్మ రాని సందర్భాలకు కారణం సాధారణంగా పరికరాల మధ్య పలకరింపులో ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ మోసే జంటలతో పాటు మరికొన్ని సన్నని తీగలుంటాయి. వాటి మీద ప్రొజెక్టరు తన శక్తిసామర్థ్యాల పట్టికను ప్లేయరుకు చెబుతుంది, హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ తాళాన్ని రెండూ సరిచూసుకుంటాయి. 4కె సినిమాలకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 కావాలి. ప్లేయరు, ధ్వనికోసం మధ్యలో పెట్టిన రిసీవరు, ప్రొజెక్టరు మూడింటిలో ఒక్కటి పాతదైనా బొమ్మ 1080పికి దిగిపోతుంది, లేదా తెర నల్లబడుతుంది. వీజీఏకు ఈ తాళమే లేదు. అందువల్ల హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే అడాప్టరుతో ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ కనిపిస్తుంది, రక్షణ ఉన్న సినిమా రాదు. పొడవాటి రాగిలో ఈ సన్నని తీగలు కూడా నీరసిస్తాయి. ఆప్టికల్ కేబుల్ లేజర్లు ప్లేయరు పోర్టులోని 5 వోల్టుల పిన్ను నుంచే శక్తి తీసుకుంటాయి. ప్రమాణం ప్రకారం ఆ పిన్ను కనీసం 55 మిల్లీఆంపియర్లు ఇవ్వాలి. ల్యాప్‌టాపుకూ కేబుల్‌కూ మధ్య అడాప్టరు పెడితే ఆ కొద్దిపాటి శక్తిలో అదీ వాటా అడుగుతుంది. అందుకే యూఎస్‌బీ నుంచి అదనపు కరెంటు తీసుకునే తోక ఉన్న కేబుళ్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ వాడేవారికి అవి మేలు. ఏఆర్‌సీ ద్వారా ధ్వని వెనక్కి రావాలంటే ఆప్టికల్ కేబుల్ అందుకు అనువైనదని పెట్టె మీద రాసి ఉండాలి.

పైపులోకి లాగే ముందే కేబుల్‌ను నేల మీద పరిచి, రెండు చివరలూ అసలు పరికరాలకే తగిలించి, ఆ ఇంట్లో వాడబోయే అత్యధిక స్థాయిలో ఒక పూర్తి సినిమా నడవనివ్వాలి. పది నిమిషాల తర్వాత వేడెక్కి చుక్కలు చూపించే కేబుళ్లు ఉంటాయి. లాగాక మరోసారి అలాగే నడపాలి, బెండు దగ్గర నలిగి ఉంటే అప్పుడు తెలుస్తుంది. పుట్టీ పెట్టి రంగు వేయడం ఈ రెండో పరీక్ష అయ్యాకే.